నాంచారయ్య గారి రెండు గంటల డ్యూటీ

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. గొప్ప కోసం చెప్పటం లేదు, మా ఇంట్లో అదొక పెద్ద తగువు. బందరులో మేముండే వీధిలో పిల్లాడికి జ్వరం వచ్చినా, కుట్టుమిషను మొరాయించినా ముందు తాయెత్తు సంగతే ఎత్తుతారు. మా అమ్మమ్మ నా చేతికి కట్టిన తాయెత్తుని ఎనిమిదో క్లాసులో విప్పి, లోపల ఏముందో చూశాను. ఆ రోజు తిన్న తిట్లు ఇంకా గుర్తున్నాయి.

తర్వాత ఫిజియోథెరపీ చదివాను. శవాల గదిలో నిలబడి, మధ్యాహ్నం మెస్సులో ఏం కూరో మాట్లాడుకున్న బ్యాచ్ మాది. కాబట్టి ఇది చదివి, ఈవిడకి మొదటి నుంచీ అలాంటి పిచ్చి ఉందేమో అనుకుంటే మాత్రం నాకు కోపం వస్తుంది. నాకున్నదల్లా రిజిస్టర్ల పిచ్చి. ఇక్కడ చెప్పే టైములన్నీ ఏ రోజుకి ఆ రోజు నా చేతిరాతతో రిజిస్టర్లో ఎక్కినవే. మనుషుల పేర్లు మాత్రం మార్చాను.

నేను పనిచేసేది గుడివాడ ఊరి చివర ఉన్న ఒక చిన్న సెంటర్లో. తలకి దెబ్బ తగిలి మెదడు దెబ్బతిన్న మాజీ సైనికుల్ని అక్కడ చూసుకుంటాం. మిలటరీలో డాక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు దాన్ని పెట్టారు. అది ఒకప్పుడు ఫంక్షన్ హాలు. భోజనాల హాల్లో ఎనిమిది మంచాలు వేశాం. పెళ్ళికూతుళ్ళు కూర్చున్న స్టేజీ మీద ఇప్పుడు నా వ్యాయామం సామాన్లు, పట్టుకుని నడవటానికి ఇనప కడ్డీలు ఉంటాయి. వెనక కిటికీల్లోంచి చూస్తే చేపల చెరువులు, గట్ల మీద కొంగలు. రోజూ పొద్దున్నే బందరు నుంచి ప్యాసింజర్లో వెళ్ళి, సాయంత్రం ఏ బస్సు దొరికితే దానిలో తిరిగొస్తాను.

మా పని గురించి బయటివాళ్ళకి చెప్పటం కష్టం. కాలు విరిగితే ఎన్నాళ్ళకి అతుక్కుంటుందో చెప్పొచ్చు. మెదడు అలా కాదు. కళ్ళు మూసుకుని తుపాకీ విప్పి బిగించిన మనిషికి చొక్కా గుండీ పెట్టుకోవటం రాదు. చెంచా చేతికిస్తే అది దేనికో తెలియదు. మా దగ్గర ఒకాయన సొంత భార్యకి రోజూ కొత్త మనిషికి పెట్టినట్టు నమస్కారం పెడతారు. ఆవిడ రోజూ తిరిగి పెడుతుంది. ఒక్క గుండీ పెట్టించటానికి మూడు నెలలు పట్టిన సందర్భాలున్నాయి. పెట్టిన రోజున మాత్రం హాలంతా మిఠాయి పంచుతాం.

నాంచారయ్య గారు మా సెంటరుకి వచ్చి రెండేళ్ళు దాటింది. దివిసీమ వాళ్ళు, నాగాయలంక అవతల ఊరు. హవల్దారుగా ఉండగా కొండదారిలో వాళ్ళ లారీ లోయలో పడింది. ప్రాణం దక్కింది కానీ మాట పోయింది, కుడి చెయ్యీ కుడి కాలూ సగం చచ్చుబడ్డాయి. భార్య మల్లేశ్వరి గారు నెలకి రెండుసార్లు వచ్చి రెండు రోజులుండి వెళ్తారు.

ఆయనకి టైము తెలియదు. ఇది గుర్తుపెట్టుకోండి. అన్నం తిన్న పది నిమిషాలకే మళ్ళీ కంచం చూపిస్తారు. పొద్దునో సాయంత్రమో పోల్చుకోలేరు. గడియారంలో పన్నెండు ఎక్కడుందో చూపించమంటే, దాని పక్కన గోడ మీదున్న బల్లిని చూపించారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇనప కడ్డీల మధ్య నిలబెడితే పది నిమిషాలకే ఆయన కాళ్ళు వణికేవి, కూలబడిపోయేవారు. అలాంటి మనిషి వచ్చిన రెండో వారం నుంచి రోజూ మధ్యాహ్నం రెండింటికి తనంతట తనే మంచం దిగేవారు. చేతికర్ర పట్టుకుని పదకొండు అడుగులు వేసి వెనక కిటికీ దగ్గర నిలబడేవారు. నడుం నిటారుగా, చూపు బయటికి. పిలిస్తే పలకరు. నాలుగింటికి వెనక్కి తిరిగి వచ్చి పడుకునేవారు. రెండు గంటలూ ఆ కాళ్ళ మీదే నిలబడేవారు.

మొదట్లో నేను ఆటపట్టించేదాన్ని. "ఏంటి నాంచారయ్య గారూ, బొచ్చె చేపలకి కాపలానా?" అనేదాన్ని. ఆయన కనురెప్ప కూడా వేసేవారు కాదు.

ఎలా తెలుస్తోందో కనిపెడదామని గోడ గడియారాన్ని అరగంట వెనక్కి తిప్పాను. ఆయన నా ఫోనులో సరిగ్గా రెండైనప్పుడే లేచారు. భోజనాలు ఆలస్యం చేయించి చూశాను. ముసురు పట్టి హాల్లో పగలే లైట్లు వేసుకున్న రోజుల్లోనూ చూశాను. నా రిజిస్టర్లో నాలుగు నెలల టైములున్నాయి. రెండుకి ఒక నిమిషం ముందో, ఒక నిమిషం వెనకో తప్ప తేడా లేదు.

డాక్టరు గారిని అడిగితే తేలిగ్గా తీసేశారు. "పదిహేడేళ్ళు సెంట్రీ కాసిన మనిషమ్మా. మాటలుండే చోటు పోయినా అలవాట్లుండే చోటు పోలేదు. రెండు గంటలు డ్యూటీ, ఆ తర్వాత వంతు మార్చుకునే రిలీవరు వస్తాడు, ఇతను దిగుతాడు. ఒళ్ళే గడియారం అయిపోయింది" అన్నారు. అది విని నాకూ సమాధానం దొరికినట్టే అనిపించింది.

ఆదివారాలు నేను బందరు చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళి వ్యాయామాలు చేయిస్తుంటాను. డాక్టరు గారే ఒకసారి మంగినపూడి దగ్గర పల్లెలో ఉన్న ఏసుబాబుని చూడమన్నారు. ముప్పై రెండేళ్ళవాడు. అతనూ సైనికుడే. ఎక్కడో మంచుకొండల్లో వంతెన పని చేస్తుండగా పైనుంచి రాయి తలమీద పడింది. ఫిట్స్ తరచుగా వస్తాయి కాబట్టి గుడివాడ దాకా తీసుకురావటం కుదరదు. అమ్మానాన్నా లేరు. పెంచిందీ, ఇప్పుడు చూసుకుంటున్నదీ అక్క కరుణమ్మ గారు. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. తమ్ముడికి దెబ్బ తగిలిన దగ్గర్నుంచి ఇల్లు కదలకుండా ఉండటానికి ఆ పని కూడా గుమ్మం ముందుకే తెచ్చుకుంది.

ఏసుబాబు కూడా మాట్లాడడు. ఎక్కువసేపు మెడ నిలబడదు, ప్లాస్టిక్ కుర్చీలో ఒక పక్కకి వాలిపోయి ఉంటాడు. నేను పొద్దున పూట వెళ్ళి గంటలో వచ్చేసేదాన్ని. ఒక ఆదివారం మాత్రం ఆలస్యమై పదకొండున్నరకి వెళ్ళాను. వెళ్ళగానే కుండపోత. ఆటోలు లేవు. సాయంత్రం ఆరు దాకా వాళ్ళ ఇంట్లోనే ఉండిపోయాను.

పన్నెండింటికి ఏసుబాబు మెడ ఎత్తాడు. ఎవరూ పట్టుకోలేదు. వీపు కుర్చీకి ఆనకుండా నిటారుగా కూర్చుని, గుమ్మంలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే కరుణమ్మ గారు చేపలు తోముతూ, "డ్యూటీ ఎక్కాడండి. రెండింటికి దిగుతాడు, అప్పుడు అన్నం పెడతాను. మళ్ళీ నాలుగింటికెక్కి ఆరింటికి దిగుతాడు. రోజూ ఇంతే" అంది, బడికెళ్ళే పిల్లాడి సంగతి చెప్పినట్టు.

రెండింటికి అతని మెడ వాలిపోయింది. ఆవిడ అన్నం కలిపి ముద్దలు పెట్టింది. నాలుగింటికి మళ్ళీ మెడ లేచింది.

నేను ఆటోలో తిరిగొస్తూ లెక్క వేసుకున్నాను. పన్నెండు నుంచి రెండు ఇతను. రెండు నుంచి నాలుగు నాంచారయ్య గారు. నాలుగు నుంచి ఆరు మళ్ళీ ఇతను. సరిగ్గా ఇద్దరు మనుషులు వంతులు వేసుకున్నట్టుంది. నవ్వొచ్చింది. సైనికులందరికీ ఒకే అలవాటు ఉండటంలో వింత ఏముంది అనుకున్నాను. డాక్టరు గారూ అదే అన్నారు.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

రెండు గంటలు అలా నిలబడటం వల్ల నాంచారయ్య గారి కుడి మోకాలు వెనక్కి వంగిపోవటం మొదలైంది. వాపు కూడా వచ్చింది. అలాగే వదిలేస్తే మోకాలు పనికిరాకుండా పోతుంది, ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే. ఏ ఫిజియోథెరపిస్టు అయినా ఇదే చేస్తుంది. ఆ నిలబడటం మానిపించాలని నిర్ణయించుకున్నాను. సోమవారం నుంచి, రెండుకి పది నిమిషాల ముందే చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకి బెల్టు పెట్టి, స్టేజీ మీదకి తీసుకెళ్ళి చేతి వ్యాయామాలు చేయించాలి.

సోమవారం ఆయన నాలుగింటి దాకా బెల్టు లాగుతూనే ఉన్నారు. మంగళవారం ఎడం చేత్తో కిటికీ చూపించి, నా మొహం చూసి, మళ్ళీ కిటికీ చూపించి ఏడ్చారు. ఆయన వచ్చిన దగ్గర్నుంచి కంట నీళ్ళు చూడటం అదే మొదలు. నేను మెత్తబడలేదు. మొండికేస్తే నాకూ మొండితనం వస్తుంది, అది నా గుణం. రిజిస్టర్లో "సహకరించలేదు" అని రాశాను. ఆ మాట ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది.

బుధవారం మధ్యాహ్నం మూడూ ఇరవైకి కరుణమ్మ గారు ఫోన్ చేసింది. నేను స్టేజీ మీదున్నాను, నాంచారయ్య గారు బెల్టులో ఉన్నారు. ఆవిడ గొంతు నేను గుర్తుపట్టలేకపోయాను.

"మేడమ్ గారూ, మూడు రోజుల్నుంచి తమ్ముడు రెండింటికి దిగట్లేదండి. పన్నెండింటికెక్కినోడు ఆరు దాకా అట్టాగే ఉంటన్నాడు. ముద్ద పెడితే నోరు తెరవట్లేదు. ఇప్పుడు ఫిట్స్ వచ్చి తగ్గిందండి, మళ్ళీ వచ్చేటట్టుంది. మాత్ర పోనివ్వట్లేదు. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే నలుగురు పట్టుకున్నా కుర్చీలోంచి లేవట్లేదండి. ఏం చెయ్యమంటారు?"

మూడు రోజుల నుంచి అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. సోమవారం, మంగళవారం, బుధవారం. నా ఒళ్ళో రిజిస్టరు తెరిచే ఉంది.

రిలీవరు వచ్చేదాకా సెంట్రీ కదలకూడదు. వానొచ్చినా, జ్వరమొచ్చినా. మా హాల్లో ఉన్నవాళ్ళ నోట ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. రెండింటికి రావాల్సిన మనిషిని నేను బెల్టు పెట్టి కట్టేశాను. అక్కడ ఆ కుర్రవాడు తిండి మానేసి, ఫిట్స్ వచ్చినా పళ్ళు బిగబట్టి, పోస్టు వదలకుండా కూర్చున్నాడు.

నమ్మి చేశానా అంటే చెప్పలేను. ఆలోచించే తీరిక లేదు. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని బెల్టు విప్పేశాను. నాంచారయ్య గారు లేచారు. కర్ర కూడా తీసుకోలేదు. స్టేజీకి వేసిన ర్యాంపు మీద గోడ పట్టుకుంటూ దిగి, మంచాల మధ్య నుంచి నడిచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. నడుం నిటారుగా పెట్టి నిలబడ్డారు.

ఫోనులో కరుణమ్మ గారు ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయింది. వెనక ఎవరో "అమ్మో" అన్నారు. తర్వాత ఆవిడే, గుసగుసగా, "వాలిపోయాడండి. నా భుజం మీద తలపెట్టాడు. నోరు తెరిచాడు, మాత్ర వేస్తన్నాను" అంది.

అప్పుడు టైము మూడూ ఇరవై నాలుగు. రిజిస్టర్లో ఆ అంకెలు వంకరగా పడ్డాయి.

గుడివాడ నుంచి ఆ పల్లెకి నలభై కిలోమీటర్ల పైమాటే. ఒకరి సంగతి ఒకరికి చెప్పినవాళ్ళు లేరు. చెప్పినా అర్థం చేసుకునే స్థితిలో ఇద్దరూ లేరు.

డాక్టరు గారికి అంతా చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు. ఇద్దరి సర్వీసు కాగితాలూ తెప్పించి, ముక్కుమీద కళ్ళజోడు పెట్టుకుని రెండు రోజులు చదివారు. ఒకరిది ఫిరంగుల దళం, ఇంకొకరిది వంతెనలు కట్టే దళం. ఏ ఏడాదీ, ఏ ట్రైనింగులోనూ, ఏ ఆసుపత్రిలోనూ ఇద్దరూ ఒకచోట లేరు. మల్లేశ్వరి గారిని బయటికి పిలిచి అడిగాను, ఏసుబాబు అన్న పేరే ఆవిడ వినలేదు. కరుణమ్మ గారు నాగాయలంక వైపు ఎప్పుడూ వెళ్ళలేదట.

ఆ తర్వాత నాంచారయ్య గారిని నేను ఆపలేదు. చెయ్యగలిగింది చేశాను. మోకాలు వెనక్కి వంగకుండా పట్టీ కుట్టించాను. కిటికీ దగ్గర పట్టుకోవటానికి కడ్డీ బిగించి, కాళ్ళకింద మెత్తటి పట్టా వేయించాను. రెండు నుంచి నాలుగు మధ్య ఆయనకి వేరే వ్యాయామం పెట్టటం మానేశాను. మంగినపూడిలో కుర్రవాడు రెండింటికి దిగి అన్నం తింటున్నాడు. ఏడు నెలలు అలా గడిచాయి. ఆ ఏడు నెలల్లో నా మనసులో ఉన్నది భయం కాదు. ఏదో చాలా పెద్ద పని జరుగుతుంటే గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నట్టుండేది. కిటికీ పక్క నుంచి వెళ్ళేటప్పుడు నాకు తెలియకుండానే గొంతు తగ్గించేదాన్ని.

వానాకాలంలో ఏసుబాబుకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. బందరు ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంచి ఇంటికి పంపారు. జ్వరంలో కూడా డ్యూటీ తప్పలేదని కరుణమ్మ గారు చెప్పింది. మంచం మీద పడుకునే, పన్నెండింటికి కళ్ళు తెరిచి గుమ్మం వైపు చూసేవాడట.

ఒక మంగళవారం నాలుగైంది. నాంచారయ్య గారు కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.

నాలుగూ ఐదు. నాలుగూ పది. నాకు అర్థమైపోయింది. హాల్లో ఎవరికీ వినపడకుండా బయట జనరేటరు షెడ్డు దగ్గరికి వెళ్ళి ఫోన్ చేశాను. పక్కింటాయన ఎత్తారు. నాలుగుకి పది నిమిషాల ముందు పోయాడని చెప్పారు. నేను "సరేనండీ, రేపు పొద్దున్నే వస్తాను" అని మాత్రం అన్నాను. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

లోపలికి వచ్చేసరికి నాంచారయ్య గారి కాలు వణుకుతోంది. చెమటలు కారుతున్నాయి. భుజం మీద చెయ్యి వేసి, "ఇక చాలండీ, రండి, నేను చూసుకుంటాను" అన్నాను. నన్ను చూడనే లేదు. డాక్టరు గారిని పిలిచాను. ఆయన గబగబా వచ్చి పక్కన నిలబడ్డారు. నాంచారయ్య గారు ఆయన్ని చూసి, చచ్చుబడిన కుడిచెయ్యి ఛాతీ దాకా ఎత్తి సెల్యూట్ చెయ్యబోయారు. కదలటం మాత్రం కదల్లేదు.

"నేను ఆఫీసర్ని కదమ్మా. ఆఫీసరు వచ్చి చూసిపోతాడు. సెంట్రీని దింపేది ఇంకో సెంట్రీయే" అన్నారు డాక్టరు గారు.

పడిపోతే పట్టుకుందామని ఇద్దరం చెరో పక్కా నిలబడ్డాం. మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. ఇక ఎవరొస్తారు ఈయన కోసం? కూలిపోయేదాకా ఇలాగే నిలబడతారు, రేపూ ఇంతే, ఎల్లుండీ ఇంతే. బెల్టు పెడదామా అంటే నాకు ధైర్యం లేదు. వదిలేద్దామా అంటే కళ్ళముందే మనిషి పోయేట్టున్నాడు.

అప్పుడు ఆరో నంబరు మంచం చప్పుడైంది.

ఆ మంచం మస్తాన్ వలీ గారిది. అవనిగడ్డ ఆయన. ఆయనకి కాళ్ళూ చేతులూ బాగానే ఉంటాయి. దెబ్బ తగిలిన చోటు అలాంటిది, తనంతట తాను ఏదీ మొదలుపెట్టలేరు. చెంచా చేతికిస్తే, తినమని చెప్పేదాకా దాన్ని పట్టుకునే ఉంటారు. కూర్చోబెడితే కూర్చుంటారు, లేపితే లేస్తారు. ఏడాదిన్నరగా ఆయన తనకి తాను మంచం దిగటం నేనైతే చూడలేదు. నోరు తెరిచి మాట్లాడటమూ వినలేదు.

ఆయన లేచారు. లుంగీ సర్దుకున్నారు. మంచం కింద నుంచి బూట్లు తీసి వేసుకుని, లేసులు కట్టుకున్నారు. లేసులు కట్టటం మేము ఆయనకి ఇంకా నేర్పలేదు. నడిచి వచ్చి నాంచారయ్య గారి ఎడమ పక్కన, ఒక అడుగు వెనగ్గా నిలబడ్డారు.

నాంచారయ్య గారు తల తిప్పారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాంచారయ్య గారు తన చేతికర్ర ఆయన చేతికిచ్చారు. ఆయన తీసుకుని ముందుకి జరిగారు. నాంచారయ్య గారు వెనక్కి తిరిగి, కర్ర లేకుండా పదకొండు అడుగులు నడిచి, పడుకుని కళ్ళు మూసుకున్నారు. టైము నాలుగూ ముప్పై ఎనిమిది.

డాక్టరు గారు సన్నటి మనిషి, ఎప్పుడూ కొంచెం వంగి నడుస్తారు. అప్పుడు మాత్రం వెన్ను నిటారుగా పెట్టి నిలబడి, మస్తాన్ వలీ గారి వీపుకి సెల్యూట్ చేశారు.

ఆరింటికి మస్తాన్ వలీ గారు మంచం దగ్గరికి తిరిగొచ్చారు. నేను ఆ రోజు బస్సు ఎక్కలేదు, అక్కడే కూర్చున్నాను. ఆయన బూట్లు విప్పుకుంటూ నా వైపు చూసి, స్పష్టంగా, నెమ్మదిగా అడిగారు.

"వాళ్ళక్క అన్నం తిన్నదా మేడమ్?"

నేను ఆ హాల్లో ఎవరికీ ఏసుబాబు పేరు చెప్పలేదు. అతనికి అక్క ఉందన్న సంగతి అంతకన్నా చెప్పలేదు. డాక్టరు గారికొక్కరికే తెలుసు. ఆయన నా పక్కనే కూర్చుని ఉన్నారు. "లేదనుకుంటానండీ" అన్నాను. ఆయన తల ఊపి పడుకున్నారు. మళ్ళీ ఎన్ని విధాలుగా అడిగినా ఆ సంగతి ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే మంగినపూడి వెళ్ళాను. కరుణమ్మ గారు ఖాళీ కుర్చీ పక్కన నేలమీద కూర్చుని ఉంది. ముందురోజు పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదని, బతిమాలి బతిమాలి విసిగిపోయామని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చెప్పారు. ఆ సమయంలో ఇలాంటి మాట చెప్పొచ్చో లేదో నాకు తెలియలేదు. దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. మా సెంటర్లో ఒకాయన మీ తమ్ముడి డ్యూటీ ఎక్కారు, ఆరింటికి దిగి, వాళ్ళక్క అన్నం తిన్నదా అని అడిగారు అన్నాను.

ఆవిడ ఖాళీ కుర్చీ పట్టుకుని నా వైపు తిరిగింది.

"మా వాడు బోర్డర్ నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా ముందు అదే మాటండి. అక్కా, అన్నం తిన్నావా? తిన్నానంటేనే తర్వాత మాట. నాలుగేళ్ళైంది మేడమ్ గారూ ఆ మాట ఇని" అంది.

తర్వాత చెయ్యి చాపింది. పక్కింటావిడ అన్నం కంచం తెచ్చి ఇచ్చింది. ఆవిడ ఏడుస్తూనే మొత్తం తిన్నది. నేనూ పక్కనే కూర్చుని ఏడ్చాను.

ఇది జరిగాక మస్తాన్ వలీ గారు రోజూ నాలుగింటికి తనంతట తనే లేస్తున్నారు. ఆ లేవటం ఆసరాగా మిగతావి కూడా నేర్పగలిగాను. ఇప్పుడు చెప్పకుండానే అన్నం తింటారు, స్నానానికి వెళ్తారు. మెదడు కొత్త దారులు వెతుక్కుంటుందని మా పుస్తకాల్లో ఉంటుంది, అది నిజమే. కానీ ఆ రోజు ఆయన్ని మంచం మీద నుంచి ఎవరు లేపారన్నది ఏ పుస్తకంలోనూ లేదు. డాక్టరు గారిని అడిగితే, "తెలియదమ్మా" అంటారు. ఏం కాపలా కాస్తున్నారు, దేని నుంచి కాస్తున్నారు, ఆరింటికి వీళ్ళని దింపేది ఎవరు, నాకు తెలియదు. కిటికీ బయట ఉన్నవి చేపల చెరువులే. నేను ఎన్నోసార్లు ఆ చోట నిలబడి చూశాను.

ఒక్క సంగతి మిగిలింది. పన్నెండు నుంచి రెండు దాకా కూడా ఏసుబాబు వంతే కదా. అతను పోయాక ఎనిమిది రోజులు నాంచారయ్య గారే పన్నెండింటికి లేచి, నాలుగు దాకా ఏకబిగిన నిలబడ్డారు. ఎత్తు స్టూలు వేస్తే కూర్చోలేదు. తొమ్మిదో రోజు పన్నెండింటికి నేను రిజిస్టరు పట్టుకుని చూస్తున్నాను. ఆయన లేవలేదు. తాపీగా అన్నం తిన్నారు. రెండింటికి లేచి వెళ్ళారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మళ్ళీ రెండు నుంచి నాలుగే.

అంటే ఆ పన్నెండింటి డ్యూటీకి ఎవరో ఎక్కారు. మా హాల్లో ఎవరూ కాదు. నాకు తెలిసిన ఫిజియోథెరపిస్టులందరికీ ఫోన్లు చేసి అడిగాను, ఎవరి దగ్గరా అలాంటి మనిషి లేడు. ఏ ఊరో, ఏ భాషో తెలియదు. ఏ ఇంట్లోనో ఒక తల్లో భార్యో అక్కో అన్నం కలిపి పెట్టుకుని, రెండింటికి ఆ మెడ ఎప్పుడు వాలుతుందా అని చూస్తూ ఉంటుంది.

నిన్న గ్యాసు అయిపోయి వంట ఆలస్యమైంది. నాంచారయ్య గారు సగం అన్నంలో ఉండగా రెండుకి ఐదు నిమిషాలుంది. కంచం మీద మూత వేసి పక్కన పెట్టించాను. చెయ్యి కడిగి, కర్ర అందించాను.

"లేవండి నాంచారయ్య గారూ, టైమైంది" అన్నాను. "అవతల ఆయన ఇంకా అన్నం తినలేదు."